మొదటి టీటీ బ్యాట్ కొనేముందు

టేబుల్ టెన్నిస్ (టీటీ) వేసవి శిబిరం మొదలైన రోజు పొద్దున కోచ్ తల్లిదండ్రులతో మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, ఆపేద్దాం. ఎలాగూ పిల్లలు ఆడేటప్పుడు ఆపాల్సిందే. ఈ బంతి బరువెంతో తెలుసా? 2.7 గ్రాములు. అంతే. ఫ్యాన్ గాలికే దారి తప్పుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇంత తేలికైన బంతిని కొట్టడానికి ఎంత బ్యాట్ కావాలన్నదే ఇవాళ మన మాట.

పిల్లల్ని చేర్పించిన దగ్గర్నుంచి మీలో చాలామంది నన్ను అడిగింది ఒకటే. సార్, ఏ బ్యాట్ కొనమంటారు? ఒకరేమో ఇంటి పక్క కొట్లో నాలుగొందలకి రెండు బ్యాట్లూ మూడు బంతులూ కలిపి సెట్టు ఇస్తున్నారు, సరిపోతుందా అన్నారు. ఇంకొకరేమో పదిహేను వేలైనా పర్వాలేదు, మంచిదే కొందాం అన్నారు. ఇద్దరూ బిడ్డ మీద ప్రేమతోనే అడిగారు. నేను ఇద్దరికీ ఆగమనే చెప్పాను. ఎందుకు ఆగమన్నానో ఇప్పుడు చెప్తాను.

మనం ఒక మాట అంటుంటాం కదా, చెయ్యి తిరిగిన వంటవాడు, చెయ్యి తిరిగిన మేస్త్రీ అని. చెయ్యి తిరగడం అంటే ఏమిటి? చూడకుండా, లెక్కపెట్టకుండా ఉప్పు సరిగ్గా పడటం. టీటీలో కూడా అంతే. మొదటి బ్యాట్ ఉన్నది చెయ్యి తిరగడానికి. బంతి నెట్టుకి తగిలితే ఎందుకు తగిలిందో, బల్ల దాటిపోతే ఎందుకు పోయిందో పిల్లకి చేతిలోనే తెలియాలి. అది తెలియనివ్వని బ్యాట్ నాలుగొందలదైనా, పదిహేను వేలదైనా నా దృష్టిలో ఒకటే.

ముందు ఆ చవక సెట్టు సంగతి చూద్దాం. ఇదిగో, నిన్న సాయంత్రం కొనుక్కొచ్చాను. ముందు వరసలో ఉన్న అమ్మా, ఒకసారి ఇలా రా. నీ పేరు తర్వాత చెబుదువు గానీ, ఈ బంతిని ఈ బ్యాట్ మీద పెట్టి, అరచేత్తో కొంచెం అదిమి ముందుకి దొర్లించు. ఎలా ఉంది? జారిపోయింది కదా? గాజు మీద జారినట్టు జారింది. ఇప్పుడు ఈ రెండో బ్యాట్ మీద అలాగే చెయ్యి. చూశారా, బంతి దొర్లనంది, రబ్బరు పట్టుకుంది, కింద స్పాంజి కొంచెం లోపలికి దిగింది. అందరికీ కనిపించిందా? వెనకవాళ్లు తర్వాత వచ్చి మీరే చేసి చూడండి. కొట్లో మీరు చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే, దీనికి కోచ్ అక్కర్లేదు.

మరి జారితే వచ్చే నష్టమేంటి? టాప్ స్పిన్ అనే మాట ఈ హాల్లో మీరు రోజూ వింటారు. బంతిని కింద నుంచి పైకి రాసుకుంటూ కొడితే అది ముందుకి తిరుగుతూ వెళ్లి బల్ల మీదకి దిగుతుంది. జారే రబ్బరుతో పిల్ల ఆ దెబ్బ ఎంత సరిగ్గా కొట్టినా బంతి తిరగదు, వెళ్లి నెట్టులో పడుతుంది. పదిసార్లు పడేసరికి పిల్ల ఏమనుకుంటుంది? సార్ చెప్పిన దెబ్బ తప్పు, గట్టిగా తిన్నగా బాదితేనే పోతుంది అనుకుంటుంది. ఆ పిల్ల తప్పేం లేదు, చెయ్యి సరిగ్గానే చేసింది, బ్యాటే అబద్ధం చెప్పింది. అలా నేర్చుకున్న బాదుడు మాన్పించాలంటే నాకు నెలలు పడుతుంది. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద సరదాగా ఆడుకోవడానికైతే ఆ సెట్టు ఉంచుకోండి, శిబిరానికి మాత్రం తేవద్దు.

ఇక రెండో వైపు. నా దగ్గరికి ఒక బాబు వచ్చేవాడు, పదేళ్లు ఉంటాయి. చురుకైనవాడు, పొద్దున ఆరింటికల్లా తలుపు దగ్గర ఉండేవాడు. వాళ్ల మేనమామ అమెరికా నుంచి వస్తూ కార్బన్ బ్యాట్ తెచ్చిచ్చాడు. కార్బన్ అంటే చెక్క పొరల మధ్యలో సన్నటి కార్బన్ పొర పెడతారు, దాంతో బంతి చాలా వేగంగా వెళ్తుంది. మంచి బ్యాటే, అందులో ఏ లోపం లేదు. రాష్ట్రస్థాయిలో ఆడే పెద్దవాళ్లు వాడేది. ఆ రోజు ఆ బాబు మొహం చూడాలి మీరు, బ్యాట్‌ని తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

రెండు వారాల్లో ఏమైందో చెప్తాను. మన బల్ల పొడవు 2.74 మీటర్లు. అటు సగం 1.37 మీటర్లు, బంతి పడాల్సింది అక్కడే. ఈ బాబు మామూలుగా చెయ్యి ఊపితే బంతి బల్ల దాటి గోడకి తగిలేది. పదేళ్ల పిల్లాడు ఏం చేస్తాడు? చెయ్యి ఊపడం తగ్గించాడు. మోచెయ్యి ఒంటికి ఆనించేసి, మణికట్టుతో బంతిని అలా తోసేవాడు. బల్ల మీద పడేది, పాయింట్లు కూడా వచ్చేవి, ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. నేనే అప్పుడు ఆపాల్సింది. మేనమామ ప్రేమగా తెచ్చాడు, పిల్లాడు అంత ఇష్టంగా పట్టుకున్నాడు, ఎలా వద్దనాలి అని ఊరుకున్నాను. ఆర్నెల్లు పోయాక చూస్తే ఫోర్‌హ్యాండ్, అంటే అరచెయ్యి ముందుకి ఉంచి కొట్టే దెబ్బ, లేదు. భయపడిన చెయ్యి మాత్రమే మిగిలింది. ఆ భయం వదిలించడానికి మళ్లీ మామూలు చెక్క బ్యాట్ ఇచ్చి, మొదటి రోజు నుంచి మొదలుపెట్టినట్టు మొదలుపెట్టాం. వాడు ఏడ్చాడు కూడా. అందుకే ఇప్పుడు ముందే చెప్తున్నాను, ఎవరేమనుకున్నా సరే.

బ్యాట్‌లో ఏముంటుందో రెండు ముక్కల్లో చెప్తాను, విసుగు రానివ్వను. చెక్క, దాని మీద స్పాంజి, ఆ పైన రబ్బరు. చెక్కని బ్లేడు అంటారు. ఒకే చెక్క కాదది, సన్నటి పొరలు అతికిస్తారు, ఐదు పొరలు లేదా ఏడు పొరలు. మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలని ఆట నియమం. పిల్లలకి ఐదు పొరల ఆల్‌రౌండ్ చెక్క కావాలి. ఆల్‌రౌండ్ అన్న మాటే అడగండి కొట్లో. అఫెన్సివ్ అనో, ఫాస్ట్ అనో రాసి ఉంటే పక్కన పెట్టండి.

స్పాంజి గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లల చేతిని మార్చేది అదే. దీని కథ మన దేశంలోనే ఒక మలుపు తిరిగింది. 1952లో ప్రపంచ పోటీలు మన బొంబాయిలో జరిగాయి. అప్పటిదాకా బ్యాట్ అంటే చెక్క మీద బొడిపెల రబ్బరు, బంతి తగిలితే టక్ మని చప్పుడు. ఆ పోటీలకి జపాన్ నుంచి హిరోజి సతో అనే ఆటగాడు వచ్చాడు. బ్యాట్‌కి మందపాటి స్పాంజి అతికించుకొచ్చాడు. కొడితే చప్పుడే లేదు! అవతలివాళ్లు అన్నేళ్లుగా కళ్లతో పాటు చెవితో కూడా ఆడుతున్నారు, చప్పుడుని బట్టి బంతి ఎంత జోరుగా వస్తుందో పోల్చుకునేవాళ్లు. ఆ చప్పుడు పోయేసరికి తేలిపోయారు. సతో సింగిల్స్ గెలిచాడు, ప్రపంచ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి జపాన్ ఆటగాడు ఆయనే. తర్వాత స్పాంజి గొడవ పెద్దదై 1959లో నియమం పెట్టారు. ఇప్పటికీ ఒకవైపు రబ్బరూ స్పాంజీ కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, స్పాంజి బంతిని లోపలికి తీసుకుని విసురుతుంది. ఎంత మందమైతే అంత విసురు. మరి నేర్చుకునే పిల్లకి ఆ విసురు ఎవరిది కావాలి? తన చేతిది కావాలా, స్పాంజిది కావాలా? అందుకని మొదటి బ్యాట్‌కి 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల స్పాంజి చాలు. పన్నెండేళ్లు దాటి, వారానికి ఐదు రోజులు ఆడేవాళ్లకైతే 2.0 దాకా వెళ్లొచ్చు. మ్యాక్స్ అని, అంటే అన్నిటికన్నా మందం స్పాంజి అని, రాసి ఉన్నవి ఇప్పుడే వద్దు. ఇంకోటి, స్పాంజి మందంగా, రబ్బరు మరీ పట్టేసేలా ఉంటే అవతలివాళ్ల స్పిన్ కూడా అంతే పట్టేస్తుంది. ఎదుటి పిల్ల సర్వీసులో సైడ్ స్పిన్, అంటే బంతి పక్కకి తిరిగే స్పిన్, వేస్తుంది, మన పిల్ల బ్యాట్ ఊరికే అడ్డం పెట్టినా బంతి పక్క బల్ల మీదకి పోతుంది. ఎందుకు పోయిందో అర్థం కాక ఏడుపు మొహం పెడుతుంది. సర్వీసు చదవడం నేర్చుకునేదాకా మధ్యరకం రబ్బరే మంచిది.

చైనా రబ్బర్లు కొన్ని జిగటగా ఉంటాయి, బంతి అంటుకుని వేలాడేంత జిగట. యూట్యూబ్‌లో చూసి వచ్చి హరికేన్ అనే అలాంటి రబ్బరు కావాలని అడుగుతారు పిల్లలు. దానికి నడుం, కాళ్లు కలిపి పూర్తి ఊపుతో కొట్టాలి, ఆ ఊపు వచ్చాక చూద్దాం.

సరే, ఇక డబ్బు మాట. రెడీమేడ్ కొనాలా, చెక్క వేరుగా రబ్బర్లు వేరుగా కొని అతికించుకోవాలా? నా అభిప్రాయం నేను చెప్తాను, వేరే కోచ్‌లు వేరేగా చెప్పొచ్చు. పిల్లకి ఈ ఆట నిలుస్తుందో లేదో ఇంకా తెలియదు కదా. ఈ రెండు నెలలకీ దాదాపు పదిహేను వందలు, రెండు వేలలోపు రెడీమేడ్ బ్యాట్ చాలు. స్టాగ్, జీకేఐ అని మీరట్ కంపెనీలు ఉన్నాయి, వాటిలో ఆ ధరకి చేతికి వచ్చేవి దొరుకుతాయి. అయితే నేను ఇందాక చేయించిన పరీక్ష తప్పకుండా చేయండి, బంతి పెట్టి దొర్లించండి. పెట్టె మీద స్పీడ్ తొంభై, స్పిన్ ఎనభై అని అంకెలు ఉంటాయి, నాలుగు స్టార్లు, ఐదు స్టార్లు అని ఉంటాయి. ఆ స్టార్లూ అంకెలూ ఆయా కంపెనీలు తమకు తాము వేసుకున్నవి. అందరికీ కలిపి ఒక కొలత లేదు. ఒక కంపెనీ మూడు స్టార్లు, ఇంకో కంపెనీ ఐదు స్టార్ల కంటే బాగుండొచ్చు.

శిబిరం అయ్యాక కూడా పిల్ల తనంతట తాను షూ వేసుకుని పదమ్మా పదమ్మా అంటుంటే, అప్పుడు విడిగా కొనండి. స్టీగా ఆల్‌రౌండ్ లాంటి ఐదు పొరల చెక్క, రెండు వైపులా ఒకే రకం రబ్బరు. యసాకా మార్క్ ఫైవ్, బటర్‌ఫ్లై స్రైవర్ లాంటివి మేము నేర్చుకునే రోజుల నుంచీ ఉన్నవి, ఎంతోమంది చేతులు వాటి మీదే తిరిగాయి. బడ్జెట్ తక్కువైతే 729 అనే చైనా బ్రాండ్ రబ్బర్లు ఉన్నాయి, అవీ పర్వాలేదు. ఇలా కొంటే ఉపయోగమేంటంటే చెక్క ఏళ్ల తరబడి ఉంటుంది, రబ్బరు అరిగినప్పుడల్లా అదొక్కటే మార్చుకోవచ్చు. రెడీమేడ్‌లో చాలావాటికి రబ్బరు గట్టిగా అతికించేసి ఉంటుంది, పీకితే చెక్క పొర కూడా లేచొస్తుంది.

ఎవరో అడుగుతున్నారు, గట్టిగా అడగండి. అన్నయ్య పాత బ్యాట్ ఉంది, అది వాడొచ్చా? చాలా మంచి ప్రశ్న. చెక్క పగలకుండా, పొరలు లేవకుండా ఉంటే తప్పకుండా వాడొచ్చు. పాత రబ్బర్లు తీయించి కొత్తవి వేయించండి. సీనియర్లు బ్యాట్ మార్చినప్పుడు వాళ్ల పాత చెక్కలు అమ్మేస్తుంటారు, నన్నడిగితే నేను చెప్తాను. కొత్త రెడీమేడ్ కంటే అది ఎన్నో రెట్లు నయం.

ఎడమచేతి వాటం పిల్లలకి వేరే బ్యాట్ ఉంటుందా అని ఇంకొకరు. లేదండీ, అదే బ్యాట్. ఎడమచేతి వాటాన్ని మార్చే ప్రయత్నం మాత్రం చేయకండి దయచేసి.

హ్యాండిల్ సంగతి. చివర వెడల్పయ్యేదాన్ని ఫ్లేర్డ్ అంటారు, సమంగా ఉండేది స్ట్రెయిట్. చాలామంది పిల్లలకి ఫ్లేర్డ్ సుఖంగా ఉంటుంది, చెమట పట్టినా చేతిలోంచి జారదు. చైనావాళ్లు కొందరు కలం పట్టుకున్నట్టు పట్టుకునే పెన్‌హోల్డ్ బ్యాట్లు కూడా ఉంటాయి, మన దగ్గర నేర్పేవాళ్లు తక్కువ, కాబట్టి వాటి జోలికి పోవద్దు. పిల్లని కొట్టుకి తీసుకెళ్లండి. ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు పట్టుకోమనండి, చూపుడువేలు రబ్బరు కింది అంచు వెంట ఆనాలి, మిగతా మూడువేళ్లు హ్యాండిల్ చుట్టూ తిరగాలి. హ్యాండిల్ మరీ లావై వేళ్లు చుట్టూ అందకపోతే వద్దు. బరువు కూడా చూడండి. రబ్బర్లతో కలిపి పెద్దవాళ్ల బ్యాట్ 180 గ్రాముల దాకా ఉంటుంది, పదేళ్లలోపు పిల్లకి 160కి అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. తూకం లేకపోతే బ్యాట్ పట్టుకుని చెయ్యి ముందుకి చాపి ఒక నిమిషం ఉంచమనండి. బ్యాట్ తల కిందికి వాలిపోతుంటే ఆ మణికట్టుకి అది బరువే. ఇరవై గ్రాముల తేడా ఏముందిలే అనుకోకండి, ఒక గంటలో పిల్ల ఎన్ని వందలసార్లు చెయ్యి ఊపుతుందో రేపు మీరే లెక్కపెట్టండి.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన మాట. మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ గురించి. 2024 ఫిబ్రవరిలో బుసాన్‌లో జరిగిన ప్రపంచ టీమ్ పోటీల్లో చైనాకి చెందిన వాంగ్ యిడిని ఓడించింది. అదే ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లింది. శ్రీజ బ్యాట్ బ్యాక్‌హ్యాండ్ వైపు, అంటే చేతి వెనకవైపు ముందుకి ఉంచి కొట్టే వైపు, చూస్తే బొడిపెలు పైకి ఉన్న రబ్బరు ఉంటుంది, మనం పింపుల్స్ అంటాం. మన దేశానికే ఆడే మనికా బత్రా బ్యాక్‌హ్యాండ్‌కి కూడా అంతే, పొడుగు పింపుల్స్. అది చూసి నలుగురైదుగురు తల్లులు అడిగారు, మా అమ్మాయికి కూడా అదే వేయించమంటారా అని. పిల్లలు శ్రీజలా ఆడాలనుకోవడం కంటే నాకు సంతోషం ఏముంటుంది? కానీ ఇప్పుడే వద్దు. ఆ బొడిపెలు అవతలి స్పిన్‌ని తిరగేసి పంపుతాయి, వేగాన్ని చంపేస్తాయి. స్పిన్ అంటే ఏమిటో చేతికి తెలియని పిల్లకి అది ఇస్తే అవతల పిల్ల తికమకపడుతుంది నిజమే, మన పిల్ల కూడా తికమకపడుతుంది. వయసు పోటీల్లో నాలుగు మ్యాచ్‌లు గెలుస్తారు, తర్వాత బ్యాక్‌హ్యాండ్ నేర్చుకునే రోజులే తిరిగిరావు. ముందు రెండు వైపులా నున్నటి రబ్బరుతో రెండేళ్లు ఆడనివ్వండి. ఆ తర్వాత పిల్ల ఆట ఎటు మొగ్గుతుందో చూసి నేనే చెప్తాను.

రబ్బరు రంగుల గురించి కూడా అడుగుతారు. ఒకవైపు నలుపు ఉండాలి, రెండోవైపు మామూలుగా ఎరుపు. ఇది అలంకారానికి కాదండీ. ఒకప్పుడు రెండువైపులా ఒకే రంగులో వేర్వేరు రబ్బర్లు వేసుకుని, ఆట మధ్యలో బ్యాట్ తిప్పి అవతలివాళ్లని బోల్తా కొట్టించేవాళ్లు. అందుకని రెండు వైపులకీ వేర్వేరు రంగులు తప్పనిసరి చేశారు, 1986 నుంచి ఒకవైపు నలుపు, ఇంకోవైపు ఎరుపే ఉండాలన్నారు. 2021 నుంచి ఎరుపు స్థానంలో గులాబీ, ఊదా, ఆకుపచ్చ, నీలం కూడా ఒప్పుకుంటున్నారు. గులాబీ రంగు కావాలని మారాం చేసే పిల్ల ఉంటే కొనివ్వండి, నియమానికి విరుద్ధం కాదు. ఇంకో వైపు నలుపు ఉంటే చాలు. పోటీలకి పంపాలనుకుంటే రబ్బరు మీద హ్యాండిల్ దగ్గర ఐటీటీఎఫ్, అంటే అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య, గుర్తు ఉందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో సగం ధరకి పెద్ద బ్రాండ్ రబ్బరు కనిపిస్తే అనుమానించండి, నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నాకు ఫొటో పంపండి, కొనకముందు.

ఇంకొక్క విషయం, మన ఎండల గురించి. మే నెలలో కారులోనో బండి డిక్కీలోనో బ్యాట్ వదిలేస్తారు. మధ్యాహ్నానికి రబ్బరు అంచులు లేస్తాయి, జిగురు వదులుతుంది, రబ్బరు ఎండిపోయి ఇందాకటి చవక బ్యాట్‌లా జారడం మొదలుపెడుతుంది. బ్యాట్ ఇంట్లోకి రావాలి, కవర్‌లో ఉండాలి. ఆట అయ్యాక తడిగుడ్డని బాగా పిండి రబ్బరు మీద దుమ్ము తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు కవర్‌లో పెట్టమనండి. సబ్బు వద్దు, శానిటైజర్ వద్దు. అంచు చుట్టూ టేపు వేయించండి, కొత్త పిల్లలు బల్లకి ఎన్నిసార్లు తగిలిస్తారో మీకు తెలీదు. ఈ తుడిచే పని మీరు చేయకండి, పిల్లతోనే చేయించండి. రోజూ ఆడితే ఆర్నెల్లకో ఏడాదికో రబ్బరు పట్టు తగ్గుతుంది. అప్పుడు మళ్లీ ఆ బంతి పరీక్షే, జారితే మార్చేయడమే.

సరే, చాలాసేపు మాట్లాడాను. ఈ బల్ల మీద నాలుగు బ్యాట్లు పెట్టాను. ఒకటి నిన్న తెచ్చిన చవకది, ఒకటి రెడీమేడ్, ఒకటి చెక్కా రబ్బరూ విడిగా కొని అతికించింది, చివరిది కార్బన్. పేర్ల మీద కాగితం అంటించాను, ఏది ఏదో చెప్పను. పిల్లలంతా వరసగా రండి, ఒక్కొక్క బ్యాట్‌తో పదేసి బంతులు కొట్టండి, నేను అటువైపు నిలబడి అందిస్తాను. తల్లిదండ్రులు ఈ గోడ పక్కన నిలబడి, బంతి ఎక్కడ పడిందని కాకుండా మీ పిల్ల చెయ్యి ఏ బ్యాట్‌తో ఎలా ఊగుతుందో చూడండి. ముందు చిన్నవాళ్లు. బాబూ, ఆ ఫ్యాన్ ఆపెయ్.